బడే అబ్బాకి మనం బాకీ పడ్డ అక్షరాలు



ఈసారి కొంచెం ఘాటుగానే రాస్తున్నా. కొందరికి గుస్సా రావొచ్చు, రానివ్వండి. మన మస్జిద్ కమిటీలకి, బయాన్ వీడియోలు పెట్టే యూట్యూబ్ భాయిలకి, నిఖా వీడియోలు తీసే కుర్రాళ్లకి, జల్సాలో పెద్ద ఎల్‌ఈడీ తెర కట్టించి మురిసిపోయే సదర్ సాబులకి, అందరికీ నాది ఒకటే సవాల్. మీరు చూపించే ఆ మాట, చెవి వినపడని మనిషికి ఎలా అందుతుంది?

శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా నేను ఎవర్ని అడిగినా దొరికిన జవాబ్ ఇది: "క్యాప్షన్ ఉంటుంది కదా భాయ్, బటన్ నొక్కుకోమనండి." ఇది జవాబ్ కాదు, బహానా. ఏ ఫోన్లో ఉంటుంది? ఏ టీవీలో కనిపిస్తుంది? ఏ భాషలో, ఏ లిపిలో? నొక్కాక వచ్చేది మీరు చెప్పిన మాటేనా, వేరేదా? ఈ నాలుగింటికి జవాబ్ లేకుండా "ఉంది" అనడం, బావిలో నీళ్లున్నాయి, చేదా తాడూ మాత్రం మీరే తెచ్చుకోండి అన్నట్టు ఉంటుంది.

నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. మా బడే అబ్బా విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులో మగ్గాల దగ్గర 30 ఏళ్లు పనిచేశాడు. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ 8 గంటలు ఉంటే చెవి దెబ్బతింటుందని డాక్టర్లు చెప్తారు. మగ్గాల షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే వాడి చెవిలో నోరు పెట్టి అరవాలి. రిటైరయ్యేనాటికి ఆయనకి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి ముప్పాతిక పోయింది. చదువు మాత్రం పోలేదు. రోజూ తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి సంతాప ప్రకటనల దాకా చదువుతాడు.

ఇప్పుడు జుమా రోజు రాత్రి ఇంట్లో అందరూ ఫోను ముందు కూర్చుని బయాన్ వింటారు. ఆయన కూడా కూర్చుంటాడు. మౌలానా పెదాలు కదలడం చూస్తాడు, మనవలు తల ఊపడం చూస్తాడు. అయ్యాక అడుగుతాడు, "ఏటన్నాడ్రా?" అని. "నమాజ్ గురించి చెప్పాడు దాదా." అంతే! నలభై నిమిషాల బయాన్ ఆయన దగ్గరికి వచ్చేసరికి నాలుగు మాటలైంది. ఇలాంటి బడే అబ్బాలు, నానీలు, ఫుప్పూలు మీ ఇళ్లలో లేరా? ఉన్నారు. మీరు వాళ్లని "చెవిటోళ్లు" అనుకోరు, "వయసైపోయింది పాపం" అనుకుంటారు. పాపం అనేస్తే పని అయిపోతుంది కదా!

మన రెండు జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల కాలంనాటి జామియా మస్జిద్ ఉంది, విజయనగరంలో బాబామెట్ట దర్గా ఉంది. పేరు పాతదే, మంది మాత్రం తక్కువ. గల్లీకో మదర్సా, మహల్లాకో ఆలిమ్ ఉండే హైదరాబాద్ కాదు మనది. దీన్ మాట వినాలన్నా, పిల్లలకి తాలీమ్ చెప్పాలన్నా, ఫలానా చోట స్కాలర్‌షిప్ ఉందని తెలుసుకోవాలన్నా మనకి వీడియోనే ఆసరా. గుంటూరు నుంచో, కర్నూలు నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చిన వీడియో. మంది తక్కువైన చోట ఒక్క మనిషి బయట ఉండిపోయినా పెద్ద లోటే. అందుకే ఈ మాట మనవాళ్లే ముందు ఎత్తుకోవాలి అంటున్నా.

దీన్ తెలిసినవాళ్లకి ఒక విషయం గుర్తు చేస్తా. ఈద్‌గాహ్‌లో వెనక సఫ్‌లకి ఇమామ్ గొంతు అందకపోతే ఏం చేస్తాం? ముకబ్బిర్ ఉంటాడు. ఇమామ్ తక్బీర్‌ని వెనకవాళ్లకి అందేలా ఎత్తి చెప్తాడు. మైకులు రాని కాలంలో పెద్ద మస్జిద్‌లన్నీ అలాగే నడిచాయి. ప్రవక్త (స) ఆఖరి హజ్‌లో అరఫాత్ దగ్గర ఖుత్బా ఇస్తుంటే, రబీఆ ఇబ్న్ ఉమయ్య ఒక్కో మాటా అందుకుని జనానికి వినపడేలా బిగ్గరగా చెప్పాడని సీరత్ కితాబుల్లో ఉంది. అంటే, మాట చెప్పడంతో చెప్పేవాడి జిమ్మేదారీ తీరిపోదు. అది ఆఖరి మనిషి దాకా చేరే ఇంతెజామ్ కూడా చెప్పేవాళ్లదే. వెనక సఫ్‌లో ఉన్నవాడిని "ముందుకొచ్చి నిలబడు, వినపడుతుంది" అని ఎవరూ అనలేదు. క్యాప్షన్ అంటే కంటికి ముకబ్బిర్. ఇందులో బిద్అత్ ఏం లేదు, కొత్త ఫ్యాషనూ లేదు.

ఇంకొకటి. సూరా అబస ఎందుకు దిగిందో మౌలానాలే మనకి చెప్తుంటారు. అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (ర) చూపులేని సహాబీ. నేర్చుకోవాలని వచ్చాడు. ఆ సమయంలో మక్కా పెద్దమనుషులతో మాట సాగుతోంది. నేర్చుకోవాలనే తపనతో వచ్చినవాడిని పక్కన పెట్టొద్దని ఆ సూరాలో వచ్చిన తాకీదు ఎంత గట్టిదో మీకు తెలుసు. ఆయనే తర్వాత మదీనాలో బిలాల్ (ర)తో పాటు అజాన్ ఇచ్చేవాడయ్యాడు. ఈ కిస్సా చెప్పే బయాన్ వీడియోలు ఎన్నో చూశాను. చాలావాటిలో ఒక్క అక్షరం క్యాప్షన్ లేదు! వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు పెరిగితే దావత్ ఇస్తాం. నేర్చుకుందామని వచ్చిన ఒక్క బడే అబ్బాని మాత్రం పక్కన కూర్చోబెడతాం. సూరా అబస మన దగ్గర ఆగిపోయిందా?

సినిమా సంగతి చూడండి. మూగ సినిమాల కాలంలో మాట అక్షరాల కార్డుగా తెరమీద పడేది. చదువు వచ్చినవాడు చదువుకునేవాడు, రానివాడికి పక్కనున్నవాడు చదివి చెప్పేవాడు. ఆ హాల్లో చెవి ఉన్నోడూ లేనోడూ బరాబర్. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర మాట్లాడింది. మనందరికీ పండగ. చెవి లేనోడికి ఆ రోజే తెర మూగబోయింది. అంటే అక్షరం తెరమీద ఉండటం మనం కొత్తగా చేసే మెహర్బానీ కాదు. ముందు ఉన్నదాన్నే తీసేశాం, ఇప్పుడు తిరిగి ఇవ్వాలి.

ఇక అసలు తకరార్‌కి వస్తా. "క్యాప్షన్ పెట్టాం" అనే భాయిలు తమ ఫోన్లో చూసుకుని సంతోషపడతారు. ఆ వీడియో అక్కడే కూర్చోదు కదా, నడుస్తుంది. ఎక్కడెక్కడికి వెళ్తుందో, అక్కడ క్యాప్షన్ ఏమవుతుందో చూడండి.

యూట్యూబ్‌లో క్యాప్షన్ అనేది వీడియోకి పక్కన ఉండే వేరే ఫైలు. బటన్ నొక్కితే వచ్చి కూర్చుంటుంది, వద్దంటే పోతుంది. బాగుంది. ఎవరో ఆ వీడియోని డౌన్‌లోడ్ చేసి ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. వీడియో వస్తుంది, ఫైలు అక్కడే ఉండిపోతుంది. మన ఇళ్లలో బయాన్లు ఎక్కువగా చేరేది వాట్సాప్‌లోనే. అక్కడ నొక్కడానికి బటనే లేదు.

ఇంకొకరు పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడతారు. క్యాప్షన్ ఫైలుని వీడియో పేరుతోనే, అదే ఫోల్డర్‌లో పెట్టాలని చాలామందికి తెలీదు. తెలిసి పెట్టినా, ఆ ఫైలు యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయకపోతే తెలుగు అక్షరాలకి బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అన్నీ సరిగ్గా చేసినా, పాత టీవీలో తెలుగు అక్షరాల ఫాంటే ఉండదు, వరసగా డబ్బాలు కనిపిస్తాయి. ఒత్తులు విడిపోయి ఒక్కో ముక్క ఒక్కో చోట కూర్చుంటుంది. ఉర్దూ మాటలు తెలుగులో రాస్తే ఒత్తులు ఎన్ని వస్తాయో మీకు తెలుసు!

కేబుల్ టీవీ ఉంది. రిమోట్ మీద సబ్‌టైటిల్ బటన్ కూడా ఉంది. నొక్కితే ఏం రాదు. చానల్ వాళ్లు పంపితే కదా వచ్చేది! ఫోన్‌లో నిలువు వీడియోలు ఉన్నాయి. అక్షరాలు అడుగున వేస్తారు. అడుగున చానల్ పేరు, లైకు గుర్తులు వచ్చి వాటిమీద కూర్చుంటాయి. జల్సాలో ఎల్‌ఈడీ తెర ఉంది. మౌలానా తెల్ల జుబ్బా మీద తెల్ల అక్షరాలు వేస్తారు. చెవి ఉన్నోడికి కూడా కనపడవు.

వీటికి దారి లేదా? ఉంది, కష్టం కూడా కాదు. ఒక వీడియోని రెండు రకాలుగా తయారు చేయాలి. మొదటిది యూట్యూబ్ కోసం, వేరే ఫైలుతో. చూసేవాడు అక్షరం పెద్దది చేసుకుంటాడు, చిన్నది చేసుకుంటాడు, వద్దంటే తీసేస్తాడు. రెండోది వాట్సాప్‌కి, పెన్‌డ్రైవ్‌కి, జల్సా తెరకి. ఇందులో అక్షరాలు వీడియోలోనే అచ్చయిపోయి ఉండాలి. అప్పుడు పాత టీవీ అయినా, పగిలిన ఫోనైనా, ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేసినా అక్షరం వెంటే వెళ్తుంది. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరం, ఒకసారికి రెండు వరసలు మించకుండా, నిలువు వీడియోలో అడుగు నుంచి కొంచెం పైకి. మాట ఒక్కటే రాస్తే చాలదు. ఎవరు మాట్లాడుతున్నారు, వెనక అజాన్ వినిపిస్తోందా, జనం నవ్వారా, అది కూడా రాయాలి. తెరమీద అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలీక బిత్తరపోయి చూడటం ఎంత తకలీఫో ఆలోచించండి.

లిపి సంగతి మరీ ముఖ్యం. మన రాష్ట్రంలో 2022లో ఉర్దూని రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది, షుక్రియా. కానీ మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లలో ఉర్దూ లిపి చదవగలిగేవాళ్లు ఎంతమంది? మాట ఉర్దూ, చదువు తెలుగు, ఇదీ మన బతుకు. అందుకని ఉర్దూ బయాన్‌కి క్యాప్షన్ తెలుగు లిపిలో కావాలి. చెవి సగం పనిచేసేవాళ్లకి మౌలానా అన్న లఫ్జే తెలుగు అక్షరాల్లో కావాలి. వినపడిన సగానికి కంటి సగం జోడించుకుంటారు. అస్సలు వినపడనివాళ్లకి, ఉర్దూ రాని కోడళ్లకి తెలుగు తర్జుమా కావాలి. ఆయత్ వచ్చిన చోట అరబీని తెలుగులో గిలకొద్దు. సూరా పేరు, ఆయత్ నంబరు వేయండి చాలు. ఇంట్లో తెలుగు తర్జుమా కితాబ్ ఉంటే తెరిచి చూసుకుంటారు.

"ఇప్పుడు మెషీనే రాసేస్తుంది కదా" అంటారు. యంత్రం మీద నాకు దుష్మనీ లేదు. చిత్తుప్రతికి వాడుకోండి, మెహనత్ తగ్గుతుంది. దానికే వదిలేయడం మాత్రం గునాహ్ లాంటిది. ఒక నిఖా బయాన్‌లో మౌలానా "మెహర్ ఇవ్వాలి" అన్నాడు. యంత్రం "మీరు ఇవ్వాలి" అని రాసింది. పెళ్లికొడుకు ఇవ్వాల్సిన మెహర్ కాస్తా, చదివేవాళ్లకి ఆడపిల్ల తండ్రి ఇచ్చే జోడే కీ రఖమ్ అయిపోయింది! చెవి ఉన్నవాడు విని నవ్వుకుంటాడు. చెవి లేనివాడికి పక్కన పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు, రాసిందే సచ్ అనుకుంటాడు. యూట్యూబ్‌లో 2009లో ఈ యంత్రం క్యాప్షన్ తెచ్చిన ఇంజనీర్లలో ముఖ్యుడు కెన్ హారెన్‌స్టీన్, ఆయనే వినికిడి లేని మనిషి. అవసరం ఉన్నవాడే దారి వేశాడు. ఆ దారి మీద గుంతలు పూడ్చే పని మనది.

కానూన్ ఏమంటుందో కూడా వినండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ క్యాప్షన్, సైగల భాష గురించి పేరు పెట్టి చెప్పింది. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకి ప్రమాణాలు పెట్టింది. న్యూస్ చానల్ అయితే రోజుకి ఒక్కసారైనా సైగల భాషతో వార్తలు, మిగతా చానళ్లు వారానికి ఒక్క ప్రోగ్రామైనా సబ్‌టైటిల్‌తో వేయడం దగ్గర మొదలుపెట్టమంది. 'పఠాన్' సినిమా మనవాళ్లు ఎగబడి చూశారు కదా! ఆ సినిమా ఓటీటీలో వచ్చేటప్పుడు హిందీ క్యాప్షన్లు, చూపులేనివాళ్లకి ఆడియో వివరణ సిద్ధం చేయాలని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. వికలాంగులే వెళ్లి అడిగితే వచ్చిన ఆర్డర్ అది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, డిజిటల్ సౌకర్యాలు అందడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమే అంది. కోర్టు దాన్ని హక్ అంటోంది. మనం ఇంకా ఖైరాత్ అనుకుంటున్నాం.

పరికరం సంగతిలో అమెరికా నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ 1980లో టీవీకి క్యాప్షన్లు మొదలైనప్పుడు, అవి చూడాలంటే ఇంట్లో వేరే డబ్బా కొనుక్కోవాల్సి వచ్చేది. చెవి లేనివాడి మీదే ఖర్చు. 1990లో చట్టం చేశారు. 1993 జులై నుంచి 13 అంగుళాలు, ఆ పైన ఉన్న ప్రతి టీవీలో ఆ ఏర్పాటు లోపలే ఉండాలన్నారు. బరువు చూసేవాడి నెత్తి మీంచి తయారుచేసేవాడి నెత్తి మీదికి మారింది. నేను అడుగుతున్నదీ అదే. మన తెలుగు అక్షరం చూపించలేని టీవీని ఈ రాష్ట్రంలో ఎందుకు అమ్మనివ్వాలి?

ఇదంతా బయాన్ల గోలే అనుకునేవాళ్లకి తుపాను గుర్తు చేస్తా. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, మన రెండు జిల్లాలవాళ్లం మర్చిపోగలమా? అలాంటి రాత్రుల ముందు అధికారి టీవీలో మాట్లాడతాడు. కింద పట్టీలో "తుపాను హెచ్చరిక" అని తిరుగుతుంటుంది. ఏ ఊరివాళ్లు ఎప్పటికి ఖాళీ చేయాలి, ఏ స్కూలుకి వెళ్లాలి, అసలు పనికొచ్చే ఆ మాట నోటితో చెప్తాడు. ఆ మాటే వీడియో ముక్కగా వాట్సాప్‌లో తిరుగుతుంది, అక్షరం లేకుండా. అప్పుడు చెవి లేనివాడి జాన్‌కి ఎవరు జిమ్మేదార్?

"మన జమాత్‌లో అలాంటోళ్లు ఎంతమంది ఉంటారు, నలుగురైదుగురు" అనే దలీల్ కూడా విన్నాను. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకి పైన. మిల్లులో చెవి పోగొట్టుకున్న బడే అబ్బాలు ఆ లెక్కలో పేరు రాయించుకునే రకం కాదు, "నాకేం వైకల్యం" అంటారు. సరే, నలుగురే అనుకుందాం. నూటికి ఒక్కరు కూడా లేని మనం, "మంది తక్కువ కాబట్టి హక్ తక్కువ" అనే మాట నోటెలా అంటాం? రేపు మనతో ఎవరైనా అదే అంటే?

పైగా లాభం ఆ నలుగురికే కాదు. పాపకి నిద్రపట్టాక శబ్దం తీసేసి చూసే తల్లికి, బస్సులో వెళ్లే కుర్రాడికి, కొత్తగా తెలుగు చదువుతున్న పిల్లకి అక్షరం పనికొస్తుంది. పాట ఏ భాషలో ఉంటే అదే భాషలో అక్షరాలు టీవీ కింద వేస్తే చదువు సగం వచ్చినవాళ్లకి చదవడం మెరుగవుతుందని బ్రిజ్ కొఠారి అనే ఆయన అహ్మదాబాద్ ఐఐఎంలో ఉండి చూపించాడు, దూరదర్శన్ పాటల ప్రోగ్రాముల్లో అమలు చేయించాడు. మన ఇళ్లలో చదువు మానేసిన ఆపాలు ఎంతమంది లేరు!

ఒకటి సాఫ్‌గా చెప్పాలి. పుట్టుకతోనే వినపడని పిల్లలకి క్యాప్షన్ ఒక్కటే సరిపోదు. చాలామందికి మొదటి జబాన్ సైగల భాష, తెలుగు తర్వాత నేర్చుకున్నది. వాళ్లకోసం తెరమూల సైగ చేసే మనిషి కావాలి. దేశంలో దీనికోసం 2015లో కేంద్రం ఒక సంస్థే పెట్టింది, సైగల నిఘంటువు తయారైంది. క్యాప్షన్ పెట్టేశాం కాబట్టి ఫర్జ్ తీరిపోయింది అనుకోవద్దు.

ఖర్చు మాట చివరిగా. నేను చేసి చూశాను. పది నిమిషాల క్లిప్పుకి యంత్రం చిత్తుప్రతి తీసుకుని దిద్దితే గంట పట్టింది. ఫోన్లోనే అయింది, పైసా ఖర్చు లేదు. మన మహల్లాల్లో డిగ్రీ చదివే పిల్లలు రీల్స్‌కి రంగురంగుల అక్షరాలు ఎంత సోకుగా వేస్తున్నారో చూడండి. హునర్ ఉంది. ఆ పని ఇచ్చేవాళ్లు లేరు.

కాబట్టి నా మాంగ్ ఇది. ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరు పిల్లల్ని ఈ పనికి పెట్టాలి, ఊరికే కాదు, నెలకింతని ఇచ్చి. జల్సాకి పిలిచే ఆలిమ్‌ల దగ్గర ముందురోజే బయాన్ నోట్ తీసుకోవాలి, పది కాపీలు తీసి వినపడని పెద్దల చేతిలో పెట్టాలి. లైవ్‌లో అక్షరం వేయడం రాకపోతే కనీసం అదైనా చేయాలి. అక్షరం లేని వీడియో కమిటీ పేరుతో బయటికి పోకూడదు. చందా రసీదు పుస్తకంలో మైకు ఖర్చు, షామియానా ఖర్చు, బిర్యానీ ఖర్చు అని వరసలు ఉంటాయి. వాటి కింద ఇంకో వరస గీయండి: క్యాప్షన్ ఖర్చు. వచ్చే మీటింగ్‌లో ఆ వరస లేకపోతే చందా ఇచ్చేవాళ్లే లేచి అడగండి. నేనైతే అడుగుతా.

ఖుదా హాఫిజ్.